ఊరి సీసీ రోడ్ల ఎస్టిమేట్లలో ఒక్క ఐటెం చేర్చండి: పంచాయతీరాజ్ ఇంజనీర్లకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగంలో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) మొదలుకొని ఈఎన్సీ (ఇంజనీర్ ఇన్ చీఫ్) దాకా పనిచేస్తున్న ఇంజనీర్లందరికీ నమస్కారం.

నేను పాలిటెక్నిక్‌లో సివిల్ పాఠాలు చెబుతాను. అంతకుముందు కొన్నేళ్లు రోడ్డు పనుల మీద క్వాలిటీ పరీక్షలు చేశాను. బలం పరీక్షకు ఎండలో కాంక్రీటు క్యూబులు పోయించడం, స్లంప్ (కాంక్రీటు ఎంత జారుగా ఉందో) చూడటం, క్యూరింగ్‌కి నీళ్లు లేవంటే సర్పంచి గారింటికి వెళ్లి ట్యాంకర్ అడగడం, ఇవన్నీ నాకు తెలిసిన పనులే. అందుకే ఈ లేఖ మంత్రులకో, పర్యావరణ శాఖకో కాకుండా మీకు రాస్తున్నాను. ఊళ్లో రోడ్డు ఎంత మందం ఉండాలో, అందులో ఏం పోయాలో చివరికి కాగితం మీద పెట్టేది మీరే.

అడగాల్సింది ముందే అడిగేస్తాను. ఊరి లోపల వేసే సీసీ రోడ్లకు ప్లాస్టిక్ సెల్స్‌లో (చిన్న గదుల్లో) కాంక్రీటు నింపే పద్ధతిని ఎస్ఎస్ఆర్‌లో (ప్రభుత్వ పనుల రేట్ల పట్టికలో) ఒక ఐటెంగా పెట్టించండి. దానికి రేటు కట్టించండి. ఆ పద్ధతిలో పని చేయించిన ఇంజనీరు మీద రేపు రికవరీ (జీతంలోంచి కోత) పడకుండా రాతపూర్వకంగా ఉత్తర్వు తెప్పించండి. ఎందుకు అడుగుతున్నానో వివరంగా చెబుతాను.

మన ఊళ్లలో ఈ ముప్పై ఏళ్లలో కంటికి కనిపించే మార్పు ఏదైనా ఉందంటే అది సిమెంటు రోడ్డే. వర్షాకాలంలో మోకాలి లోతు బురదలో నడిచి బడికి వెళ్లిన తరానికి దాని విలువ చెప్పక్కర్లేదు. ఉపాధి హామీ మెటీరియల్ నిధులు, ఆర్థిక సంఘం నిధులు, ఎమ్మెల్యే నిధులు ఏవి వచ్చినా మొదట అడిగేది సీసీ రోడ్డే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో ‘పల్లె పండుగ’ మొదలుపెట్టినప్పుడు దాదాపు 3,000 కిలోమీటర్ల సీసీ రోడ్లు లక్ష్యంగా పెట్టుకున్నారు. తెలంగాణలోనూ ప్రతి గ్రామసభలో వచ్చే మొదటి దరఖాస్తు అదే. ఈ రోడ్లు వద్దని నేను అనడం లేదు, అనను కూడా. కానీ ఒక్కో రోడ్డు కింద ఎంత సిమెంటు పోతోందో ఒకసారి కలిసి లెక్క చూద్దాం.

మూడు మీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల మందం, కిలోమీటరు పొడవు తీసుకోండి. 450 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు. క్యూబిక్ మీటరుకు 330 కిలోల సిమెంటు అనుకుంటే దాదాపు 150 టన్నులు, అంటే మూడు వేల బస్తాలు. కింద వేసే బెడ్ కాంక్రీటు, పక్కన కట్టే కాలువ ఈ లెక్కలో లేవు.

ఆ సిమెంటు ఎక్కడి నుంచి వస్తుందో మనకు తెలుసు. మేళ్లచెరువు, మట్టపల్లి, దాచేపల్లి, జగ్గయ్యపేట, తాండూరు, ఎర్రగుంట్ల, తాడిపత్రి. సున్నపురాయి ఉన్నచోటల్లా ఫ్యాక్టరీ ఉంది. సిమెంటు తయారీలో వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో సగానికి పైగా బొగ్గు మండించడం వల్ల కాదు, ఆ రాయి లోపలి నుంచే వస్తుంది. స్వచ్ఛమైన సున్నపురాయి టన్ను కాల్చి సున్నంగా మారిస్తే 440 కిలోల వాయువు గాలిలో కలుస్తుంది. ఫ్యాక్టరీ పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టినా ఇది ఆగదు, ఎందుకంటే అది రసాయన చర్య. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం సిమెంటుదేనని లెక్క. థర్మల్ కేంద్రాల బూడిద కలిపిన పీపీసీ సిమెంటు, ఉక్కు ఫ్యాక్టరీల స్లాగ్ (చిట్టెం) కలిపిన పీఎస్సీ సిమెంటు వాడితే కొంత తగ్గుతుంది. రామగుండం, పాల్వంచ, ఇబ్రహీంపట్నం బూడిద, విశాఖ ఉక్కు స్లాగ్ ఇప్పటికే ఆ పని చేస్తున్నాయి. ఆ తర్వాత మన చేతిలో మిగిలిన మార్గం ఒక్కటే: అవసరానికి మించి కాంక్రీటు పోయకపోవడం. సెల్ పద్ధతి చేసేది అదే.

మీలో కొందరు ఈ పద్ధతిని చూసే ఉంటారు. పీఎంజీఎస్‌వై (ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన) కొత్త సాంకేతిక పద్ధతుల జాబితాలో ‘సెల్ ఫిల్డ్ కాంక్రీట్’ పేరుతో ఉంది. దక్షిణాఫ్రికాలో మొదట వాడారు, మన దేశంలో ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు పల్లె రోడ్లకు తగ్గట్టుగా పరీక్షించారు. చూడని వాళ్ల కోసం పని ఎలా జరుగుతుందో చెబుతాను.

పలుచటి ప్లాస్టిక్ షీటును వంద మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలుగా కోసి, వాటిని ఒకదానికొకటి అతికిస్తారు. మడిచి ఉన్నప్పుడు చేతికింద పట్టుకుపోయే కట్టలా ఉంటుంది. దాన్ని రోడ్డు మీద రెండు వైపులా లాగితే తేనెపట్టులా గదులు విచ్చుకుంటాయి. ఒక్కో గది జానెడు లోపే, 150 మిల్లీమీటర్లు. చుట్టూ ఇనుప మేకులు దిగ్గొట్టి బిగుతుగా కడతారు. ఈ బిగింపు దగ్గరే పని నాణ్యత తేలిపోతుంది. మేకు వదులైతే గదులు ముడుచుకుంటాయి, కాంక్రీటు పోసేటప్పుడు ఒక పక్కకు ఒరిగిపోతాయి. అందుకని కాంక్రీటును ఒకచోట కుప్పగా కుమ్మరించకూడదు. నీళ్లు తక్కువగా, గట్టిగా కలిపిన మాల్‌ను కొద్దికొద్దిగా అన్ని గదుల్లో పరుస్తూ పోవాలి. ఆ తర్వాత ప్లేట్ వైబ్రేటరుతోనో, చిన్న రోలరుతోనో అదమాలి.

అదిమినప్పుడు జరిగేదే దీని కీలకం. లోపలి కాంక్రీటు ఒత్తిడికి పలుచటి ప్లాస్టిక్ గోడ అటూ ఇటూ వంకర్లు తిరుగుతుంది. ఆ వంకర్లతోనే కాంక్రీటు గడ్డకడుతుంది. దాంతో ఒక్కో దిమ్మె పక్క దిమ్మెలో పంటి కట్టులా చిక్కుకుంటుంది. పైన చక్రం పడితే బరువు ఆ దిమ్మె ఒక్కటే మోయదు, చుట్టూ ఉన్నవాటికి పంచుతుంది. మామూలు సీసీ రోడ్డులా పెద్ద పలక అయితే కింద నేల కాస్త కుంగగానే అడ్డంగా పగులుతుంది. ఇవి చిన్న దిమ్మెలు కాబట్టి నేలతో పాటు కొద్దిగా సర్దుకుంటాయి. కాంక్రీటు కుంచించుకుని పగలకుండా జాయింట్లు కోయాల్సిన పని కూడా లేదు. కింద వంద మిల్లీమీటర్ల డబ్ల్యూబీఎం (నీళ్లు చల్లి అదిమిన కంకర పొర) గట్టిగా రోలింగ్ చేసి ఉంటే, ఊరి లోపల తిరిగే బండ్లకు పైన వంద మిల్లీమీటర్ల సెల్ కాంక్రీటు సరిపోతుంది.

ఇప్పుడు లెక్క మళ్లీ చూడండి. 150 బదులు 100 మిల్లీమీటర్లు. 450 క్యూబిక్ మీటర్లు 300 అవుతాయి. కిలోమీటరుకు 50 టన్నుల సిమెంటు మిగులుతుంది. వెయ్యి బస్తాలు. టన్ను సిమెంటుకు ఆరేడు వందల కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకుంటే ముప్పై టన్నులకు పైనే. ఇసుక సుమారు 65 క్యూబిక్ మీటర్లు తగ్గుతుంది, ఇరవైకి పైగా ట్రాక్టర్లు. వాగులో ఇసుక కోసం ఊరికి ఊరికి మధ్య ఎంత గొడవ జరుగుతోందో మీకు తెలియంది కాదు. అన్ని రోడ్లూ ఇదే కొలతలో ఉన్నాయనుకుని 3,000 కిలోమీటర్లతో హెచ్చవేస్తే మిగిలే సిమెంటు లక్షన్నర టన్నులు. అన్నిచోట్లా ఈ పద్ధతి పనికిరాదు, ఆ సంగతి కిందే రాశాను. మూడో వంతు రోడ్లకు పనికొచ్చినా 50 వేల టన్నులు.

సెల్స్ కోసం పట్టే ప్లాస్టిక్ ఎంత? గోడ మందాన్ని బట్టి కిలోమీటరుకు ఒకటి నుంచి రెండు టన్నులు. కొత్త ప్లాస్టిక్ కొని భూమిలో పాతితే ఈ లేఖకు అర్థమే లేదు. కరిగించి తీసిన పాలిథీన్‌తో షీటు చేయించాలి. కాంక్రీటు గడ్డకట్టేదాకా అచ్చుగా నిలబడి, ఆ తర్వాత దిమ్మెల మధ్య తెరలా ఉండటమే ఆ షీటు పని కాబట్టి, తిండి ప్యాకింగ్‌కు కావాల్సినంత శుద్ధి దీనికి అక్కర్లేదు. టెండరులోనే ‘రీసైకిల్ చేసిన పాలిథీన్, ఇంత మందం, ఇంత సాగుడు బలం’ అని రాస్తే తయారుచేసేవాళ్లు ముందుకు వస్తారు. రాయనంత కాలం ఎవరూ రారు.

సెల్ రోడ్డు గురించి నాకు అన్నిటికన్నా నచ్చే విషయం వేరే ఉంది. మన సీసీ రోడ్లు బండ్ల బరువుకు పాడవడం కన్నా తవ్వకాలకు పాడవడమే ఎక్కువ. రోడ్డు వేసిన ఏడాదికి భగీరథ పైపు అంటారు, జల్ జీవన్ కనెక్షన్ అంటారు, ఆ తర్వాత కేబుల్ వాళ్లు వస్తారు. కట్టర్‌తో కోసి, తవ్వి, మట్టి పూడ్చి, పైన ఇంత సిమెంటు పూసి వెళ్లిపోతారు. పాత పలకకూ కొత్త అతుకుకూ పొత్తు కుదరదు. మొదటి వానకే అతుకు కుంగి గుంత అవుతుంది, గుంత అంచు నుంచి పలక పగులుతుంది. సెల్ రోడ్డులో తవ్వాల్సినంత మేర దిమ్మెలు తీసి, పైపు వేశాక మట్టి గట్టిగా కుదించి, అక్కడ మళ్లీ సెల్ ముక్క పరిచి నింపితే సరిపోతుంది. పగులు పాకడానికి పెద్ద పలకే ఉండదు. ఊరి మేస్త్రీ చేయగలిగిన మరమ్మతు అది.

ప్లాస్టిక్ ఎక్కడి నుంచి తేవాలి? దూరం వెళ్లక్కర్లేదు. ఆంధ్రలో చెత్త నుంచి సంపద కేంద్రాలు, తెలంగాణలో పల్లె ప్రగతి కింద కట్టిన సెగ్రిగేషన్ షెడ్లు ఉన్నాయి. అలాంటి ఒక షెడ్డులో ఒక పూట కూర్చుని చూడండి. నీళ్ల సీసాలు, గట్టి డబ్బాలు, పాత కుర్చీలు విడిగా పెడతారు, వాటిని స్క్రాప్ వాళ్లు వెంటనే కొంటారు. పాల కవర్లు కడిగి ఆరబెడితే వాటికీ ధర ఉంది. మిగిలేది పలుచటి కవర్లు. కూరగాయల సంచులు, చీరల కవర్లు, ఎరువు బస్తాల లోపలి పొర, పెళ్లి భోజనాల టేబుళ్ల మీద పరిచే షీట్లు. కిలో తూగాలంటే బస్తా నిండాలి, ఆటో కిరాయి కూడా రాదు. అందుకే ఎవరూ కొనరు. బస్తాలు షెడ్డు మూలన పేరుకుపోతాయి, చివరికి ఏ అర్ధరాత్రో ఊరి చివర అగ్గి పెడతారు. టన్ను పాలిథీన్ తగలబెడితే మూడు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్, దానితో పాటు ఊరి పిల్లల ఊపిరితిత్తుల్లోకి పొగ. ఆ పొగ పీల్చే మొదటి మనిషి రోజూ ఆ కవర్లు ఏరే పారిశుద్ధ్య కార్మికురాలే.

స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశలో బ్లాకుకు ఒక ప్లాస్టిక్ వ్యర్థాల యూనిట్ పెట్టుకోవడానికి 16 లక్షల రూపాయల దాకా ఇచ్చే వీలు కల్పించారు. అక్కడ దుమ్ము దులిపే యంత్రం, ముక్కలు చేసే యంత్రం, బేలు కట్టే యంత్రం పెట్టుకోవచ్చు. యూనిట్ నడవాలంటే సరుకు కొనేవాడు ఉండాలి. ఆ కొనేవాడు మీ శాఖే కావాలని నా కోరిక. శుభ్రంగా ఉన్న సరుకు సెల్ షీట్లకు, మిగతాది తారు రోడ్లకు.

తారు రోడ్ల సంగతి మీకు కొత్తేమీ కాదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మదురై త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఆర్. వాసుదేవన్ గారు రెండు దశాబ్దాల కిందటే దారి చూపించారు, 2018లో పద్మశ్రీ అందుకున్నారు. ప్లాస్టిక్‌ను తారులో కలపకుండా, దాదాపు 160 డిగ్రీలకు కాగిన కంకర మీద చల్లాలన్నది ఆయన పద్ధతి. చిన్న ముక్కలు నిమిషం లోపే కరిగి రాయికి పలుచటి పూతలా పడతాయి. ఆ పూత తారును పట్టుకుంటుంది, నీళ్లను లోపలికి రానివ్వదు. మన దగ్గర తారు రోడ్లకు అసలు శత్రువు నీళ్లే కదా. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2013లోనే దీనికి ఎస్పీ 98 పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. జనాభా ఐదు లక్షలు దాటిన పట్టణాలకు 50 కిలోమీటర్ల లోపు జాతీయ రహదారుల రెన్యూవల్ (పైపొర మళ్లీ వేసే) పనుల్లో వాడాలని కేంద్రం 2015 నవంబరులో చెప్పింది. రీసైకిల్‌కు పనికిరాని ప్లాస్టిక్‌ను రోడ్లకు వాడేలా స్థానిక సంస్థలు ప్రోత్సహించాలని 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్లోనూ ఉంది. తారులో ఎనిమిది శాతం దాకా తగ్గించి ఆ మేరకు ప్లాస్టిక్ వాడతారు, సింగిల్ రోడ్డు కిలోమీటరుకు సుమారు టన్ను. అర లీటరు పాల కవరు మూడు గ్రాములు అనుకుంటే మూడు లక్షల కవర్లకు పైమాటే. సిమెంటు లెక్కతో పోలిస్తే ఇక్కడ తగ్గే కార్బన్ తక్కువే. రోడ్డు ఎక్కువ కాలం మన్నడం, కవర్లు మంటల్లోకి పోకపోవడమే ఇక్కడ పెద్ద లాభం.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చేయాలి. ఫ్లెక్సీలు ఏ రూపంలోనూ తారు, కంకర వేడిగా కలిపే హాట్ మిక్స్ ప్లాంటులోకి రాకూడదు. అవి పీవీసీ. పుట్టినరోజు ఫ్లెక్సీలు, ఎన్నికల ఫ్లెక్సీలు మన ఊళ్లలో కుప్పలుగా దొరుకుతాయి కాబట్టి ఎవరో ఒకరికి ‘ఇవీ వేసేద్దాం’ అనిపిస్తుంది. వేడికి పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, ప్లాంటు దగ్గర నిలబడ్డ కూలీల కళ్లు, గొంతు మండిపోతాయి. పాత పైపు ముక్కలు, వైర్ల తొడుగులు కూడా అంతే. వేడి కూడా అదుపు తప్పకూడదు. ప్లాంటు దగ్గర థర్మామీటరు పనిచేస్తోందో లేదో చూడటం ఏఈ పని, దాన్ని కాంట్రాక్టరు మాట మీద వదిలేయవద్దు.

ఇక అసలు అడ్డంకి దగ్గరికి వద్దాం. మీలో కొందరితో మాట్లాడినప్పుడు ఎవరూ ఈ పద్ధతి పనికిరాదని అనలేదు. ‘సార్, రేపు క్వాలిటీ కంట్రోల్ వాళ్లో, విజిలెన్స్ వాళ్లో వచ్చి రోడ్డు కోసి కోర్ ముక్క తీస్తే వంద మిల్లీమీటర్లే వస్తుంది. ఎస్టిమేట్‌లో నూట యాభై ఉంది, యాభై తిన్నారంటారు. రికవరీ నా జీతంలోంచి కడతారు’ అన్నారు. ఆ భయం నూటికి నూరు పాళ్లు న్యాయమైనది. మందం తక్కువ పోసి బిల్లు పూర్తిగా ఎత్తిన పనులు ఉన్నాయి కాబట్టే ఆ తనిఖీలు ఉన్నాయి. నిజాయితీగా పలచన చేసినదానికీ దొంగతనంగా పలచన చేసినదానికీ కోర్ ముక్కలో తేడా కనపడదు, కాగితంలోనే కనపడాలి. అందుకే ఐటెం కావాలంటున్నాను. ‘100 మి.మీ. సెల్ కాంక్రీటు, 100 మి.మీ. డబ్ల్యూబీఎం మీద’ అని ఎస్టిమేట్‌లో, ఎం బుక్‌లో (పని కొలతల పుస్తకంలో), బోర్డు మీద ఒకే మాట ఉంటే ఏ తనిఖీకైనా మీరు తల ఎత్తుకుని నిలబడొచ్చు.

కాంట్రాక్టర్ల వైపు కూడా చూడాలి. బిల్లు క్యూబిక్ మీటర్ల మీద వచ్చినంత కాలం కాంక్రీటు తగ్గించమంటే ఎవరు తగ్గిస్తారు? సెల్ పరిచే కూలీ, బిగింపు, షీటు ధర కలిపి చదరపు మీటరుకు రేటు కట్టాలి. మనుషులకు పని పెరుగుతుంది, కాంక్రీటు కలిపే మిల్లర్‌కు తగ్గుతుంది. ఉపాధి నిధులతో చేసే పనికి ఇది మంచిదే.

పనికిరాని చోట్లు చెప్పకపోతే ఈ లేఖ నిజాయితీగా ఉండదు. క్రషర్‌కో, ఇసుక రీచ్‌కో, రైస్ మిల్లుకో వెళ్లే లోడు లారీల దారిలో ఇది వేయవద్దు. నల్లరేగడి నేలలో కింద గ్రావెల్ పొర సరిగ్గా లేకుండా వేయవద్దు, అక్కడ మామూలు సీసీ కూడా నిలవదు. పక్క కాలువ లేని చోట ఏ రోడ్డూ వేయవద్దు. గోడ నుంచి గోడ దాకా సిమెంటు పరిచే అలవాటు కూడా మానాలి. బండి తిరిగేంత మేర వేసి, అంచులు నీళ్లు ఇంకేలా వదిలితే బావులకూ మంచిది, మే నెలలో ఇంటి ముందు కూర్చునే ముసలివాళ్లకూ మంచిది.

ప్లాస్టిక్ రేణువుల గురించి అడిగేవాళ్లు ఉంటారు, అడగాలి కూడా. ఏ రోడ్డైనా అరుగుతుంది. సెల్ పై అంచు చక్రాల కింద అరిగినప్పుడు కొంత ప్లాస్టిక్ కాలువలోకి పోతుంది. అందుకే సెల్ పైన కొన్ని మిల్లీమీటర్లు కాంక్రీటు కప్పి, అంచు బయటపడకుండా ముగించమని స్పెసిఫికేషన్‌లో రాయాలి. ప్రయోగంగా వేసే రోడ్ల పక్క కాలువ మట్టిని ఏటా తీసి పరీక్షించాలి. తాగునీటి చెరువు కట్ట మీద, బావి పక్కన మొదటి ప్రయోగాలు వద్దు. ఇప్పుడు అదే ప్లాస్టిక్ డంపింగ్ యార్డులో ఎండకు పెళుసెక్కి, పొడి అయి, గాలికి పొలాల్లో పడుతోందన్న విషయాన్ని కూడా అదే తూకంలో పెట్టాలి.

మొదలుపెట్టడానికి పెద్ద పథకం అక్కర్లేదు. డివిజన్‌కు ఒక వీధి తీసుకోండి. సగం మామూలు సీసీ, సగం సెల్ కాంక్రీటు. ఒకే కాంట్రాక్టరు, ఒకే సిమెంటు, ఒకే వారం. పక్కనే బోర్డు పెట్టి రెండింటి మందం, ఖర్చు, సిమెంటు బస్తాల సంఖ్య రాయండి. రెండు వర్షాకాలాలు చూసి పగుళ్లు కొలిచి, ఫలితం మంచిదైనా చెడ్డదైనా అందరికీ తెలిసేలా ప్రకటించండి. వరంగల్ ఎన్ఐటీ, హైదరాబాద్ జేఎన్‌టీయూ, ఆంధ్రా యూనివర్సిటీ మన మధ్యే ఉన్నాయి, డిజైన్ చూడమని అడిగితే కాదనరు. ఊళ్ల దగ్గర ఉన్న పాలిటెక్నిక్‌లు మిగతా పని చేయగలవు. క్యూబులు పగలగొట్టడానికి మా ల్యాబులో యంత్రం ఉంది, పగుళ్లు కొలవడానికి ఫైనలియర్ పిల్లలు ఉన్నారు, వాళ్లకు ప్రాజెక్టు కావాలి. ఏ డివిజన్ ఇంజనీరు ముందుకొచ్చినా ఆ పరీక్షలు ఫీజు లేకుండా చేయించే పూచీ నాది.

వచ్చే ఎస్ఎస్ఆర్ సవరణ కమిటీ కూర్చునే లోపు ఈ ఐటెం ప్రతిపాదన మీలో ఒక్క ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజనీరు) ఆఫీసు నుంచైనా వెళ్లాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాలిటెక్నిక్ సివిల్ లెక్చరర్